నలుగురికీ పంచిన ఆల్కో లోకో: ఒక సిమ్యులేటర్ మోడల్ మూడు విడుదలలు

రైలు సిమ్యులేటరు కోసం నేను తయారు చేసుకున్న, నా కంప్యూటరులో రెండేళ్లపాటు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన డీజిల్ లోకో (రైలింజను) మోడల్ ఒకటి, నలుగురి చేతికీ ఇచ్చిన మూడో రోజుకే పదకొండు ఫిర్యాదులు తెచ్చిపెట్టింది. వాటిలో మోడల్ ఆకృతికి సంబంధించినవి రెండే. మిగిలిన తొమ్మిదీ ఫోల్డర్లు, ఫైలు పేర్లు, దొరకని ధ్వనులు, లెక్క తప్పిన శక్తి చుట్టూ తిరిగాయి. అడగకుండా వాడుకున్న ఒక హారన్ సంగతి ఆ మరునాడు వచ్చింది. మోడల్ తయారీ గురించి రాసినవారు చాలామందే ఉన్నారు గానీ, తయారైన మోడల్‌ను ప్యాకేజీగా కట్టి ఇతరులకు అందించే పనిని గురించి వివరంగా రాసినవారు తక్కువ. నేను చేసిన పొరపాట్లను వరుసగా చెబితే మొదటిసారి విడుదల చేయబోయేవారికి కొంత సమయమైనా మిగులుతుందన్న ఉద్దేశంతో ఈ కేసును నమోదు చేస్తున్నాను.

మోడల్, దాని వేదిక

మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ 2001లో వచ్చింది. దాన్ని తయారు చేసింది కుజు ఎంటర్‌టైన్‌మెంట్. దానికి తరువాయిగా రావలసిన రెండో సిమ్యులేటరును మైక్రోసాఫ్ట్ 2009లో రద్దు చేసింది. అయినా ఆ పాత ఫైలు పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉందంటే, అవే ఫైళ్లను చదివి నడిపించే ఓపెన్ రైల్స్ అనే ఉచిత సిమ్యులేటరును అభిరుచిపరులే జీపీఎల్ (మూలకోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోనిచ్చే) లైసెన్సు కింద తయారు చేసుకుని నిలబెట్టుకోవడం వల్లనే. ఈ నేపథ్యం చెప్పడానికి కారణం ఉంది. ఈ వేదికకు కేంద్రీకృతమైన దుకాణం గానీ, ప్యాకేజీని పరీక్షించి ముద్ర వేసే యంత్రాంగం గానీ లేవు. జిప్ ఫైలులో ఏది పెడితే అదే అవతలివాడి హార్డ్ డిస్కులోకి చేరుతుంది. 2001లోనే మొదలైన ట్రెయిన్జ్ అనే మరో రైలు సిమ్యులేటరులో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి వస్తువుకూ కుయిడ్ అనే విడి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది ఏయే ఇతర వస్తువులపై ఆధారపడిందో దాని వివరాల్లోనే రాసి ఉంటుంది, కొత్త రూపం పాతదాని స్థానంలోకి వచ్చిందని సంఖ్య చివరి భాగమే చెబుతుంది. మా వైపు ఇవన్నీ తయారీదారు క్రమశిక్షణ మీద ఆధారపడినవి.

నేను ఎంచుకున్నది అమెరికా సంస్థ ఆల్కో రూపొందించిన 251 కుటుంబానికి చెందిన 16 సిలిండర్ల ఇంజన్ ఉన్న, 2,600 హార్స్‌పవర్ల, ఆరు ఇరుసుల డీజిల్ ఎలక్ట్రిక్ లోకో. బరువు సుమారు 112 టన్నులు. ఆల్కో సంస్థ 1969లో లోకోల తయారీని ఆపేసినా, దాని 251 ఇంజన్లు అనేక దేశాల్లో ఆ తర్వాత దశాబ్దాలపాటు తిరిగాయి కాబట్టి ఈ మోడల్‌ను తమ తమ రంగుల్లో చూసుకోవాలనుకునేవారు చాలామంది ఉంటారని నాకు ముందే తెలుసు.

ఆకృతికి సంబంధించిన రెండు ఫిర్యాదులూ బోగీ (లోకో కింద ఇరుసులనూ చక్రాలనూ పట్టి ఉంచే చట్రం) దగ్గరే పుట్టాయి. ఈ లోకో కింద ఉండేది ట్రైమౌంట్ బోగీ. దాని మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. నేను బ్లెండర్ అనే 3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేరులో బోగీ భాగానికి తిరుగుడు బిందువును అలవాటు కొద్దీ మధ్య ఇరుసు మీద పెట్టాను. నేరుగా ఉన్న పట్టాల మీద తేడా కనిపించలేదు. మలుపులో మాత్రం బోగీ ఒక పక్కకు జరిగి, చివరి చక్రపు అంచు పట్టా అవతల వేలాడినట్లు కనిపించింది. అసలు లోకోలో బోగీ ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో డ్రాయింగులో చూసి, బిందువును అక్కడికి జరిపితే సరిపోయింది.

రెండోది ఇంకా సిగ్గుపడవలసిన పొరపాటు. లోకో లక్షణాలను సిమ్యులేటరుకు చెప్పే ఇంజన్ ఫైలులో చక్రపు వ్యాసార్ధం రాయవలసిన చోట నేను వ్యాసం రాశాను. చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు. ఫైలు అడిగేది 546. దాంతో లోకో ముందుకు పోతుంటే చక్రాలు సగం వేగంతో తిరిగి, బ్రేకులు పట్టేసిన బండిని ఎవరో లాక్కుపోతున్నట్లుండేది. రెండేళ్లు నేను క్యాబ్ (డ్రైవరు గది) లోంచి మాత్రమే నడిపాను గనుక నా కంట పడలేదు. ఒకాయన పట్టాల పక్కన కెమెరా పెట్టి తీసిన పది సెకన్ల వీడియో పంపించి, "గ్రీజు ఎక్కువైనట్టుందండీ" అని మాత్రం రాశారు.

మొదటి విడుదల: నా డిస్కులో ఉన్నది మీ డిస్కులో లేదు

తొలి ప్యాకేజీని నేను కట్టిన తీరు ఇది: సిమ్యులేటరులోని వాహనాలన్నీ ఉండే ట్రెయిన్‌సెట్ ఫోల్డరులోని లోకో ఫోల్డరును యథాతథంగా జిప్ చేసి, అందులో నాలుగు వరుసల రీడ్‌మీ (సూచనల ఫైలు) పెట్టాను. జిప్ విప్పేటప్పుడు చాలామంది కంప్యూటర్లు జిప్ పేరుతో ఒక ఫోల్డరు సృష్టించి, అందులో మళ్లీ లోకో ఫోల్డరును పెట్టాయి. సిమ్యులేటరు ట్రెయిన్‌సెట్ కింద ఒక్క మెట్టు మాత్రమే దిగి వెతుకుతుంది కాబట్టి లోకో జాబితాలో కనిపించలేదు. తొమ్మిది ఫిర్యాదుల్లో నాలుగు ఇవే.

ఇంతకన్నా లోతైన సమస్య దారి మళ్లింపులది. డిస్కులో చోటు మిగుల్చుకోవడానికి మేమంతా ఒక పద్ధతి పాటిస్తాం. క్యాబ్ బొమ్మలనూ ధ్వనులనూ ప్రతి లోకో ఫోల్డరులోనూ పెట్టకుండా ఒకే ఉమ్మడి ఫోల్డరులో ఉంచి, ఇంజన్ ఫైలులో రెండు మెట్లు పైకెక్కి ఆ ఫోల్డరులోకి దిగమని దారి రాస్తాం. నా ఇంజన్ ఫైలులో ఇలాంటి దారులు ఆరు ఉన్నాయి. ఆ ఆరూ నేను ఏళ్ల తరబడి పేర్చుకున్న ఉమ్మడి ఫోల్డరు వైపు చూపించేవే. ఆ ఫోల్డరు మరెవరి డిస్కులోనూ అదే పేరుతో, అదే అమరికతో ఉండదు. ఫలితంగా మోడల్ కొందరికి మూగగానూ, కొందరికి క్యాబ్ లేకుండానూ, అదృష్టవశాత్తూ అదే పేరు గల ఫోల్డరున్న ఒకరికి మరేదో ఎలక్ట్రిక్ లోకో ధ్వనితోనూ నడిచింది. ఆ చివరి ఆయన మాత్రం ఫిర్యాదు చేయలేదు. ధ్వని బాగుందని మెచ్చుకున్నారు.

ఓపెన్ రైల్స్ ప్రతిసారీ నడిచినప్పుడు మామూలుగా డెస్క్‌టాప్ మీద ఒక లాగ్ ఫైలు రాస్తుంది. దొరకని టెక్స్చర్ (మోడల్ ఉపరితలం మీద అతికే బొమ్మ), దొరకని ధ్వని, అర్థం కాని పదం ఏదున్నా అందులో హెచ్చరికగా నమోదవుతుంది. నేను రెండేళ్లలో ఆ ఫైలును ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. ఫిర్యాదు చేసినవారిని లాగ్ పంపమని అడగడం మొదలుపెట్టాక, వివరణలతో వారం పట్టే నిర్ధారణ పది నిమిషాల్లో తేలిపోయింది. "పనిచేయడం లేదు" అన్న సందేశానికి "మీ లాగ్ పంపగలరా?" అన్నదే ఇప్పుడు నా మొదటి జవాబు.

దీనికి నేను చేసుకున్న ఏర్పాటు చాలా సాదా అయినది. కంప్యూటరులో వేరే చోట ఒక చిన్న రూటూ, రెండు వ్యాగన్లూ మాత్రమే ఉన్న ఖాళీ ఇన్‌స్టలేషన్ ఒకటి పెట్టుకున్నాను. విడుదలకు ముందు జిప్‌ను నేనే డౌన్‌లోడ్ చేసుకుని, రీడ్‌మీలో నేను రాసిన సూచనలనే అక్షరం పొల్లుపోకుండా పాటించి అక్కడ విప్పుతాను. లాగ్‌లో నా లోకోకు సంబంధించిన ఒక్క హెచ్చరిక ఉన్నా విడుదల ఆగుతుంది. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. అసలు మోడల్‌కు పట్టిన వందల గంటలతో పోలిస్తే అది లెక్కలోకి రాదు, అయినా ఆ అరగంట దగ్గరే మనందరికీ బద్ధకం వస్తుంది.

హారన్ సంగతి

నాలుగో రోజు వచ్చిన సందేశం ఫిర్యాదు కూడా కాదు. ఒక పాత ధ్వనుల ప్యాక్ తయారీదారు మర్యాదగా రాశారు: "మీ లోకో హారన్ నేను రికార్డు చేసినదిలా వినిపిస్తోంది. నా రీడ్‌మీలో ఒక మాట ఉంది, వీలుంటే చూడండి." చూశాను. సొంతానికి వాడుకోవచ్చు, వేరే ప్యాకేజీలో చేర్చి పంచాలంటే ముందుగా అడగాలి అని స్పష్టంగా ఉంది. మొదటి ప్యాకేజీలో ధ్వనులు చేరలేదని పైన చెప్పాను కదా. మూడో రోజు తొందరలో ఆ లోటు తీర్చడానికి ఉమ్మడి ఫోల్డరులోని ధ్వనులన్నిటినీ కలిపి విడిగా ఒక జిప్ పెట్టాను. ఏది ఎవరిదో చూడలేదు. ఒక తప్పును సరిదిద్దబోయి అంతకంటే పెద్దది చేశాను.

ఈ విషయంలో మన సమూహాల్లో ఒక దురభిప్రాయం బాగా పాతుకుపోయింది. ఉచితంగా దొరికినది ఎవరైనా ఎలాగైనా పంచవచ్చునని చాలామంది అనుకుంటారు. బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కాపీరైటు పుట్టడానికి నమోదు గానీ ప్రకటన గానీ అక్కర్లేదు. సృష్టించి స్థిరరూపం ఇచ్చిన క్షణం నుంచే హక్కు సృష్టికర్తది. రీడ్‌మీలో ఏమీ రాయకపోతే దాని అర్థం "అన్నీ అనుమతించాను" అని కాదు, ఏదీ అనుమతించలేదని. ఉచితం అన్న మాట వెలకు సంబంధించినది. దాన్ని మార్చడం, తిరిగి పంచడం వేరు వేరు అనుమతులు.

నేను ధ్వనుల జిప్‌ను ఆ రాత్రే తీసేశాను. అందులో ఉన్న 34 ఫైళ్లకూ ఒక పట్టిక రాసుకున్నాను: ఎక్కడ దొరికింది, ఎవరు తయారు చేశారు, వారి రీడ్‌మీ ఏమంటోంది, నేను ఎప్పుడు అడిగాను, వారేమన్నారు. ఇంజన్ ధ్వనులు ఇద్దరివి; ఇద్దరూ పేరు రాస్తే చాలన్నారు. హారన్ తయారీదారు కూడా ఒప్పుకున్నారు, అయితే ఫైలు పేరు మార్చకూడదని షరతు పెట్టారు. ఆ షరతు నాకు మొదట చాదస్తంగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, పేరు మారని ఫైలు ఎన్ని ప్యాకేజీల్లో తిరిగినా దాని మూలం దొరుకుతుందని అర్థమైంది. ఏడు ఫైళ్ల తయారీదారులు ఎవరో తేలలేదు. వాటిని వదిలేశాను. అందుకే నా లోకోకు ఇప్పటికీ కంప్రెసర్ ధ్వని లేదు.

రెండో విడుదల: గ్రేడియంట్ మీద ఆగిన బండి

ఈ కేసులో నాకు ఎక్కువ పాఠం చెప్పిన భాగం ఇదే. రెండో విడుదలలో పై సవరణలన్నిటితో పాటు శక్తి లెక్కనూ దిద్దాను. మొదటి విడుదలలో ఇంజన్ ఇచ్చే 2,600 హార్స్‌పవర్లను కిలోవాట్లలోకి మార్చి, వచ్చిన 1,939ని ఇంజన్ ఫైలులోని గరిష్ఠ శక్తి అనే చోట నేరుగా రాశాను. ఓపెన్ రైల్స్ ఆ అంకెను పట్టా మీద దక్కే శక్తిగా తీసుకుంటుంది. డీజిల్ ఇంజన్ షాఫ్టు దగ్గర పుట్టిన శక్తిలో కొంత సహాయక యంత్రాలకూ, జనరేటరు, మోటార్ల నష్టాలకూ పోతుంది. పదిహేను శాతం తీసేస్తే పట్టా దగ్గర మిగిలేది సుమారు 1,650 కిలోవాట్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 10 మీటర్ల దగ్గర, పాత అంకెతో లోకో 194 కిలోన్యూటన్ల బలంతో లాగేది. దిద్దిన అంకెతో 165. నా లోకో అసలుదానికంటే బలంగా ఉందని చెప్పినవారు సరిగ్గానే చెప్పారు.

విడుదలైన రెండో రోజు ఒక వాడుకరి రాశారు: రెండు లోకోలతో 2,400 టన్నుల గూడ్సును నూటికి ఒకటి గ్రేడియంట్ (వంద మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు) మీద ఇంతకు ముందు చక్కగా ఎక్కించేవాడినని, ఇప్పుడు బండి సగంలో నిలబడిపోతోందని, దయచేసి పాత శక్తిని తిరిగి ఇవ్వమని. శక్తిని తగ్గించింది నేనే గనుక తప్పు అక్కడే ఉందనుకుని, ఆ రాత్రి అంకెను 1,800కు పెంచి మూడో విడుదల పెట్టేయబోయాను. పెట్టేముందు కాగితం మీద లెక్క వేసి చూడడం మాత్రం మంచిపని అయింది.

రెండు లోకోలతో కలిపి బండి బరువు 2,624 టన్నులు. నూటికి ఒకటి ఎత్తు మీద దాన్ని వెనక్కి లాగే బలం దాదాపు 257 కిలోన్యూటన్లు; దొర్లే నిరోధం టన్నుకు 20 న్యూటన్ల చొప్పున మరో 52. మొత్తం 310. రెండు లోకోల శక్తి 3,300 కిలోవాట్లను దానితో భాగిస్తే సెకనుకు 10.6 మీటర్లు, అంటే గంటకు 38 కిలోమీటర్ల దగ్గర బండి నిలకడగా పోవాలి. పాత అంకెతో అది 45. అంటే నా సవరణ వల్ల ఏడు కిలోమీటర్ల వేగం తగ్గుతుంది గానీ బండి ఆగదు. మరి ఆగాలంటే ఏం కావాలి? ఒక్క లోకోనే లాగుతూ ఉండాలి. 112 టన్నుల లోకో పట్టా మీద 0.27 పట్టు గుణకంతో గరిష్ఠంగా ఇవ్వగల బలం 297 కిలోన్యూటన్లు. ఒక లోకోతో ఆ బండికి కావలసిందీ దాదాపు 297. ఎండిన పట్టా మీద పాకుతుంది, కాస్త తడిస్తే నిలబడుతుంది. ఆయన చెప్పింది అచ్చంగా ఇదే.

లాగ్ అడిగాను. అందులో ఒక వరుస ఉంది: కన్సిస్ట్‌లో ఫలానా ఇంజన్ దొరకలేదు, వదిలేశాను అని. కన్సిస్ట్ ఫైలు అంటే ఏ వాహనం వెనక ఏది తగిలించాలో చెప్పే జాబితా. అది ప్రతి లోకోనూ ఇంజన్ ఫైలు పేరు, ఫోల్డరు పేరు అనే రెండే రెండు మాటలతో గుర్తుపడుతుంది. రెండో విడుదలలో చక్కదనం కోసం నేను ఒక ఇంజన్ ఫైలు పేరులోని అడ్డగీతను తీసేశాను. ఆయన కన్సిస్ట్‌లో రెండో లోకోకు ఉన్నది ఆ పాత పేరే. సిమ్యులేటరు దాన్ని దాటవేసి, మొదటి లోకో వెనక నేరుగా వ్యాగన్లను తగిలించి బండిని నడిపింది. తెర మీద ఏ సందేశమూ రాలేదు. ఆయన క్యాబ్‌లో కూర్చుని ముందుకే చూస్తున్నారు కాబట్టి వెనక లోకో లేదని గమనించలేదు.

నేను పొరపాటున శక్తిని పెంచి ఉంటే ఆయన బండి బహుశా ఆగుతూనే ఉండేది, మిగిలినవారందరి లోకోలూ మళ్లీ అబద్ధపు బలంతో నడిచేవి. ఒకే విడుదలలో శక్తినీ పేర్లనూ రెండింటినీ మార్చడం వల్ల, కనిపించిన మార్పుకు కనిపించని మార్పు చేసిన తప్పు అంటుకుంది. అప్పటి నుంచి నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకసారి బయటికి వెళ్లిన ఫైలు పేరును, ఫోల్డరు పేరును ఎంత వికారంగా ఉన్నా మార్చను. తప్పనిసరైతే పాత పేరుతో కూడా ఒక ఫైలు ఉంచుతాను. నడక స్వభావాన్ని మార్చే సవరణ ఒక విడుదలలో, మిగిలిన సర్దుబాట్లు మరో విడుదలలో వస్తాయి. విడుదల సంఖ్య ఫోల్డరు పేరులో ఎక్కదు, రీడ్‌మీలో మాత్రమే ఉంటుంది.

రీపెయింట్లు

లోకో నిలకడగా నడవడం మొదలయ్యాక రంగులు మార్చుకుంటామన్న అభ్యర్థనలు వచ్చాయి. నేను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో, పేరు పేర్కొనడం, వ్యాపారానికి వాడకపోవడం, అదే లైసెన్సుతో తిరిగి పంచడం అనే మూడు షరతులున్న లైసెన్సు 4.0 వెర్షన్‌ను ఎంచుకున్నాను. ధ్వనులు దాని కిందికి రావని విడిగా రాయవలసి వచ్చింది, ఎందుకంటే నాది కాని దానికి నేను లైసెన్సు ఇవ్వలేను. టెక్స్చర్ పొరలను విడివిడిగా ఉంచిన మూలఫైలును కూడా ప్యాకేజీలో చేర్చాను. మురికి, నీడలు ఒక పొర, రివెట్లు, తలుపుల గీతలు మరొకటి, రంగు వేరొకటి. చదును చేసిన బొమ్మ మాత్రమే ఇస్తే రంగు వేసేవారు నా మురికిని కూడా గీకి మళ్లీ వేయాలి, ఆ గీకుడు తెర మీద స్పష్టంగా తెలుస్తుంది.

రీపెయింట్ చేసిన ప్రతివారూ ఇంజన్ ఫైలును నకలు చేసుకుంటే, రేపు నేను శక్తి దిద్దినప్పుడు ఆ నకళ్లన్నీ పాత తప్పుతోనే మిగిలిపోతాయి. దీనికి ఓపెన్ రైల్స్‌లో ఒక సౌకర్యం ఉంది: రీపెయింట్ ఇంజన్ ఫైలులో నా మూల ఇంజన్ ఫైలును చేర్చుకోమని ఒక్క వరుస రాసి, దాని కింద మారవలసిన పేరును మాత్రం రాస్తే చాలు. మిగిలినదంతా నా ఫైలు నుంచే వస్తుంది. అయితే ఆ వరుసకు ముందు ఒక ఖాళీ వరుస తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే సిమ్యులేటరు దాన్ని గుర్తించదు. మొదటి ముగ్గురు చిత్రకారుల్లో ఇద్దరు ఆ ఖాళీ వరుసను అనవసరమనుకుని తీసేశారు. ఇప్పుడు నేను రీపెయింట్ కోసం ఒక నమూనా ఫైలునే తయారుచేసి ఇస్తున్నాను.

ఒక రీపెయింట్ గురించి మాత్రం నేను అభ్యంతరం చెప్పాను. అది నా మోడల్‌ను వేరొకరి అమ్మకపు ప్యాకేజీలోని టెక్స్చర్ ముక్కలతో అలంకరించినది. చూడడానికి నా దానికంటే బాగుంది. పంచినవారు ఆ రాత్రే తీసేసి, వారం తర్వాత సొంతంగా గీసిన రంగులతో మళ్లీ పెట్టారు. అదీ బాగానే ఉంది.

మూడో విడుదల తర్వాత

మూడో విడుదలకు వచ్చిన సందేశాల్లో ఇన్‌స్టలేషన్ గురించినది ఒక్కటే, అది కూడా ఫోల్డరును పొరపాటున రూట్ల ఫోల్డరులో విప్పినవారిది. ఇప్పుడు జిప్ లోపల ట్రెయిన్‌సెట్ నుంచి మొదలయ్యే పూర్తి అమరిక ఉంటుంది గనుక, సిమ్యులేటరు ప్రధాన ఫోల్డరులో విప్పితే చాలు. యార్డులో ఇరవై లోకోలు నిలబెట్టినప్పుడు పాత కంప్యూటర్లు నెమ్మదిస్తున్నాయని ఇద్దరు చెప్పారు. తొమ్మిది టెక్స్చర్లను రెండింటిలోకి సర్దడం, దూరం నుంచి చూసినప్పుడు తేలికైన ఆకృతి కనిపించేలా మరో మెట్టు చేర్చడం ఇంకా సాగుతున్నాయి. ఆకృతి ఫైలు పేరు మాత్రం మారదు.

క్యాబ్ విషయం తేలలేదు. నేను వాడుతున్న క్యాబ్ బొమ్మలు ఒకరు తీసిన ఫొటోల ఆధారంగా మరొకరు తయారుచేసినవి. తయారుచేసినవారు అనుమతి ఇచ్చారు, ఫొటోలు తీసినవారి చిరునామా ఆయన దగ్గర కూడా లేదు. అందువల్ల ప్యాకేజీలో క్యాబ్ ఉండదు. ఎవరి దగ్గరున్న ఆరు ఇరుసుల డీజిల్ క్యాబ్‌ను వారు ఎలా తగిలించుకోవాలో రీడ్‌మీలో ఐదు వరుసల్లో రాశాను. సొంత క్యాబ్‌ను మొదటి నుంచి గీయడం మొదలుపెట్టాను. ప్రస్తుతానికి థ్రాటిల్ హ్యాండిల్, దాని ఎనిమిది నాచ్‌ల (శక్తి మెట్ల) గుర్తులూ పూర్తయ్యాయి.